సైమన్స్ టౌన్ నీళ్ళ కింద

మన డర్బన్ వాళ్ళకు సముద్రం కొత్త కాదు. మద్రాసు నుంచి మొదటి కూలీల జట్టును ట్రూరో ఓడ 1860 నవంబరు 16న తెచ్చి దింపింది ఇక్కడే. అయినా మా ఇంట్లో నాకు ముందు ఎవరికీ ఈత రాదు. మా నాయన డర్బన్‌లోనే పుట్టి పెరిగాడు. మోకాలి లోతు దాటి ఎరగడు.

పోయిన జూలైలో స్కూబా డైవింగ్ నేర్చుకుందామని కేప్‌టౌన్ దగ్గరి సైమన్స్ టౌన్‌కు వెళ్ళాను. నాయన కూడా వచ్చాడు.

"ఇంత చలిలోనా?" అన్నాడు.

చలికాలమే మంచిది. ఎండాకాలంలో ఆగ్నేయపు గాలి ఫాల్స్ బేలో అలలు లేపుతుంది. చలికాలంలో గాలి వాయవ్యం నుంచి, నేల మీదుగా వస్తుంది. అప్పుడు ఈ ఒడ్డున నీళ్ళు చెరువులా ఉంటాయి. రైల్వే స్టేషన్ పక్కనే లాంగ్ బీచ్. పడవ అక్కరలేదు, ఇసుక మీద నడుచుకుంటూ దిగడమే. నీళ్ళు మాత్రం 14 డిగ్రీలు!

అందుకే 7 మిల్లీమీటర్ల మందం రబ్బరు సూటు వేసుకున్నాను. లోపలికి చేరిన కొద్దిపాటి నీళ్ళను మన ఒళ్ళే వెచ్చబరుస్తుంది. సూటు తేలుతుంది కాబట్టి నడుముకు సీసపు బరువులు కట్టుకోవాలి. వీపున గాలి సిలిండరు.

మా గురువు చెప్పిన మొదటి మాట: "ఊపిరి ఎప్పుడూ బిగపట్టవద్దు." పైకి వస్తుంటే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, వాటికి దెబ్బ తగులుతుంది. రెండోది సైగలు. బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితేనే "బాగున్నాను". మనలా తల ఊపితే నీళ్ళలో ఎవరికీ అర్థం కాదు.

మెల్లగా దిగాం. చెవులు నొప్పి పెట్టకముందే ముక్కు మూసుకుని నెమ్మదిగా ఊదాలి. అయిదారు మీటర్ల లోతులో ఇసుక నేల. ఒక ఎండ్రకాయ అడ్డంగా నడిచిపోయింది. ఆ తర్వాత మూరెడు పొడవున, ఒంటి నిండా మచ్చలతో ఒక చిన్న చేప కనిపించింది. మేం దగ్గరికి రాగానే గుండ్రంగా చుట్టుకుని, తోకతో కళ్ళు మూసుకుంది. దాన్ని పఫ్ ఆడర్ షైషార్క్ అంటారు. దక్షిణాఫ్రికా తీరంలో తప్ప ఇంకెక్కడా ఉండదట.

ఒడ్డున నాయన ఫ్లాస్కులో టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లోపల ఏముందమ్మా?"

సగం తెలుగు, సగం ఇంగ్లీషులో చెప్పాను.

"అది సొర. మీ అవ్వ సొర పుట్టు చేసేది. సిగ్గుపడుతోందా? అయితే అత్తిపత్తి సొర అను."

ముట్టుకుంటే ముడుచుకునే ఆకు అత్తిపత్తి. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

"ఇన్ని తెలుసు కదా నాయనా, ఈత ఎందుకు నేర్చుకోలేదు?"

"ఎక్కడ నేర్చుకోను? మంచి బీచీలన్నిటా బోర్డులుండేవి. స్విమ్మింగ్ పూలుకు రానిచ్చేవాళ్ళు కాదు. తెల్లవాళ్ళ పిల్లలు ఈదుతుంటే దూరం నుంచి చూసేవాళ్ళం."

జాతిని బట్టి చోట్లు విడదీసిన చట్టం 1953లో వచ్చింది, 1990లో రద్దయింది. ఈ సైమన్స్ టౌన్‌నూ 1967లో తెల్లవారి ప్రాంతమని ప్రకటించి, మిగతావాళ్ళను ఖాళీ చేయించారు. మేం నిలబడిన ఇసుక మీద ఇప్పుడు ఏ బోర్డూ లేదు. కానీ బోర్డు తీసేసినంత తేలిగ్గా భయం పోదు.

చివరి రోజు నీళ్ళలోంచి తల పైకెత్తి చూశాను. నాయన ఒడ్డున లేడు. గుండె ఝల్లుమంది.

ఇటు తిరిగితే, నాలుగడుగుల దూరంలో నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు తొడల దాకా తడిసింది. చలికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి చెయ్యెత్తి, రెండు వేళ్ళు కలిపి సున్నా చుట్టి చూపించాడు.

నేనూ చుట్టాను.