కార్డు వద్దట, ఖాతా నంబరు కావాలట

అమెరికాలో మన తెలుగువాళ్ల ఫోన్ బిల్లు ఒక్క ఇంటిది కాదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా, ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో భార్యాభర్తలు, తమ్ముడు, తమ్ముడి రూమ్మేటు, వాడి క్లాస్‌మేటు అందరూ ఉంటారు. లైన్లు పెరిగేకొద్దీ ఒక్కో లైనుకు పడే రేటు తగ్గుతుంది. బిల్లు ఒకరి క్రెడిట్ కార్డు మీద పోతుంది, మిగతావాళ్లు ఎవరి వాటా వాళ్లు బ్యాంకు యాప్‌లోని జెల్ ద్వారా పంపేస్తారు. మా ప్లానూ అలాంటిదే. అందుకే, బిల్లు నెలనెలా దానంతటదే కట్టుకుపోయే ఆటోపేకి ఇచ్చే తగ్గింపు ఇకమీదట క్రెడిట్ కార్డుకు రాదని, డెబిట్ కార్డో బ్యాంకు ఖాతానో జత చేసుకోమని కంపెనీ మెసేజ్ పెట్టినప్పుడు కదిలింది ఒక్క మా ఇంటి లెక్క కాదు.

ఇది ఏ ఒక్క కంపెనీకో పుట్టిన ఆలోచనా కాదు. టీ-మొబైల్ 2023లో ఈ నిబంధన తెచ్చింది. అక్కడ తగ్గింపు లైనుకు నెలకు 5 డాలర్లు, ఎనిమిది లైన్ల దాకా. అదే ఏడాది ఏటీ అండ్ టీ కార్డుతో కట్టేవాళ్ల తగ్గింపుకు కోత పెట్టింది. వెరైజన్‌లోనూ అన్‌లిమిటెడ్ ప్లాన్ల తగ్గింపు కావాలంటే బ్యాంకు ఖాతా లేదా డెబిట్ కార్డు ఇవ్వాల్సిందే. అయితే ఆ కంపెనీ పేరుతోనే వచ్చే వీసా క్రెడిట్ కార్డుకు మాత్రం తగ్గింపు ఉంది. అక్కడే నాకు అనుమానం మొదలైంది. కష్టం క్రెడిట్ కార్డుతోనా, అది ఇంకొకరి కార్డు కావడంతోనా?

కంపెనీల వాదనలో నిజం లేకపోలేదు. కార్డు గీకిన ప్రతిసారీ అమ్మినవాడు బ్యాంకుకూ నెట్‌వర్క్‌కూ రుసుము కట్టాలి. అమెరికాలో క్రెడిట్ కార్డుకైతే అది సుమారు రెండు మూడు శాతం. డెబిట్ కార్డుకు చాలా తక్కువ. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టంలోని డర్బిన్ సవరణ వల్ల పెద్ద బ్యాంకుల డెబిట్ రుసుముకు 21 సెంట్లు, దానిపైన 0.05 శాతం అని హద్దు పడింది. నేరుగా ఖాతాలోంచి లాగితే ఖర్చు సెంట్లలోనే తేలిపోతుంది.

సరే, లెక్క వేద్దాం. నాలుగు లైన్లు, 160 డాలర్ల బిల్లు అనుకోండి. మూడు శాతం చొప్పున కార్డు రుసుము 4 డాలర్ల 80 సెంట్లు. కార్డుతో కడితే మనం పోగొట్టుకునే తగ్గింపు లైనుకు 5 చొప్పున 20 డాలర్లు. లైనుకు 10 చొప్పున ఇచ్చే చోట 40. వాళ్లకయ్యే ఖర్చుకు నాలుగింతలు, ఎనిమిదింతలు మన దగ్గర వసూలవుతోంది. పైగా ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే ధరలో ఆ తగ్గింపు ముందే కలిసి ఉంటుంది, ఆటోపే షరతు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి దాన్ని తగ్గింపు అనడానికి నాకు మనసొప్పదు. అసలు ధర అదే. బ్యాంకు ఖాతానో డెబిట్ కార్డో ఇవ్వని వాడి మీద వేస్తున్నది జరిమానా.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ ఖాతా నంబరు ఇవ్వమనడమే. 2021లో టీ-మొబైల్ నుంచి ఏడున్నర కోట్ల మందికి పైగా జనం వివరాలు బయటికి పోయాయి. ఆ కేసులో 35 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2024లో ఏటీ అండ్ టీకి చెందిన 7 కోట్ల 30 లక్షల పాత, ప్రస్తుత ఖాతాదారుల సమాచారం, చాలామంది సోషల్ సెక్యూరిటీ నంబర్లతో సహా, దొంగల చేతుల్లో తేలింది. ఇంత జరిగాక కూడా జీతం పడే ఖాతాలోంచి డబ్బు లాక్కునే హక్కు రాసివ్వమంటే ఎలా?

క్రెడిట్ కార్డు మీద తప్పుడు బిల్లు పడితే 1974 నాటి చట్టం మన వెనక ఉంది. వివాదం తేలేదాకా ఆ సొమ్ము కట్టనక్కర్లేదు. డెబిట్‌లో అలా కాదు, ముందు మన డబ్బు వెళ్లిపోతుంది, తర్వాత మనం వెంటపడాలి. బ్యాంకు విచారణకు పది పనిదినాలు తీసుకోవచ్చు. ఆ పది రోజుల్లో అద్దె తేదీ వస్తే అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు ఆగరు. కొన్ని క్రెడిట్ కార్డులైతే ఫోన్ బిల్లు వాటితో కట్టినందుకు ఫోన్ పగిలినా పోయినా బీమా ఇస్తాయి. అదీ పోతుంది.

మా ప్లాన్‌లో ఉన్న విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, ప్లాన్ మీ పేరు మీదున్నా బిల్లు నా కార్డు మీదే పోతోంది కదా, దాంతోనే నాకు కాస్త క్రెడిట్ హిస్టరీ వస్తోంది. ఇప్పుడు చెకింగ్ అకౌంట్ పెడితే నెలాఖర్లో అందులో ఏమీ ఉండదన్నా," అన్నాడు. వాడి మాట అక్షరాలా నిజం. కొత్తగా దిగిన పిల్లలకు ఇక్కడ అప్పు చరిత్ర లేదు. చిన్న లిమిట్ కార్డు తీసుకుని నెలనెలా ఫోన్ బిల్లు లాంటిది దాని మీద కడుతూ పోతేనే రేపు కారు లోనుకో అద్దె ఇంటికో పనికొస్తుంది. క్యాంపస్ జీతం పడకముందే ఖాతాలోంచి బిల్లు లాగితే ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము, కొన్ని బ్యాంకుల్లో 35 డాలర్ల దాకా. లైనుకు 5 డాలర్లు మిగుల్చుకోబోయి అంత పోగొట్టుకోవడం వాడికి తిండి ఖర్చుతో సమానం.

మన దేశంలో ఈ విషయంలో రిజర్వ్ బ్యాంకు చేసిన పని నాకు నచ్చింది. 2021 అక్టోబరు నుంచి, కార్డు మీద నెలనెలా దానంతటదే పోయే సొమ్ముకు 24 గంటల ముందే కబురు పంపాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి ఉండాలి. పరిమితి దాటిన మొత్తానికి మళ్లీ మన ఆమోదం అడగాలి. ఆ పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022లో 15,000 చేశారు. మొదట్లో చందాలు ఆగిపోయి జనం ఇబ్బందిపడిన మాట వాస్తవమే. అయినా డబ్బు కదిలే ముందు సొంతదారుకు తెలియాలన్న పట్టుదల సరైనది.

ప్రస్తుతానికి ఇక్కడ అమెరికాలో తెలిసినవాళ్లంతా చేస్తున్న పని ఒకటుంది. నెలవారీ రుసుము లేని చెకింగ్ ఖాతా విడిగా తెరిచి, ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం తీయించేసి, ఆటోపేకి దాన్నే జత చేయడం. బిల్లు రాగానే ఆటోపే తేదీకి ముందే యాప్‌లోకి వెళ్లి క్రెడిట్ కార్డుతో కట్టేయడం. చాలా చోట్ల తగ్గింపు అలాగే నిలుస్తోంది, ఖాతాలోంచి ఏమీ పోవడం లేదు. మా విద్యార్థికీ అలాగే చేసిపెట్టాను. ఇక కంపెనీకి నేను రాసిన ఫిర్యాదులో అడిగింది ఒక్కటే: కార్డు వల్ల మీకు పడే ఖర్చు 4 డాలర్ల 80 సెంట్లయితే దాన్ని బిల్లులో విడిగా చూపించి తీసుకోండి, కడతాం, 20 డాలర్లు ఎందుకో చెప్పండి.