రిగ్గుకి ఏ ఓఎస్ వేద్దామంటారు?

ఏమండీ, క్రిప్టో మైనింగ్ రిగ్గు కడుతున్నారటగా? దాచాలని చూడకండి, ఆ ఫ్యాన్ల హోరు మా పెరట్లోకి వినిపిస్తూనే ఉంది. కార్డులు కొన్నారు, రైజర్లు తగిలించారు, ఫ్రేము బిగించారు. బాగుంది. లాభమెంతొస్తుందని మాత్రం నన్నడగకండి, అది అడగడానికి మీ ఇంట్లోవాళ్ళున్నారు. నాకు సరదా అంతా ఇంకో ప్రశ్న మీద. దాంట్లో ఏ ఓఎస్ వేస్తున్నారు?

"విండోస్ ఉందిగా" అంటారు. అంటారని తెలుసు! తప్పేం లేదు లెండి, బిట్‌కాయిన్ పుట్టిందే అక్కడ. 2009 జనవరిలో సతోషీ నకమోటో వదిలిన మొదటి సాఫ్ట్‌వేర్ ఒక్క విండోస్‌లోనే నడిచేది. దాన్ని మ్యాక్‌లో నడిచేలా చేసినాయన లాస్లో హన్యెట్స్. గుర్తొచ్చాడా? 2010 మేలో 10,000 బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాయన! గ్రాఫిక్స్ కార్డుతో మైనింగ్ చేసి చూపించిన తొలివాళ్ళలోనూ ఆయనున్నాడు. ఇంత చేస్తే లోకానికి పిజ్జాలే గుర్తున్నాయి. ఏం లోకమో!

ఎక్కడున్నాం? ఆఁ, విండోస్. దాంతో చిక్కల్లా ఏమిటంటే, పెళ్ళింట్లో మేనమామలాగా ప్రతిదాంట్లో తన చెయ్యి ఉండాలి. అర్ధరాత్రి అప్‌డేట్ వేసుకుని, తనంతట తను రీస్టార్టయి, తెల్లారేసరికి పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. కార్డులన్నీ చల్లగా నిద్రపోతుంటాయి. ఇక దాని యాంటీవైరస్ డిఫెండర్ చాదస్తం వేరే. మీరు మైనర్ ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేస్తారా, జిప్ విప్పేలోపే మాయం! పరాయివాళ్ళ కంప్యూటర్లలో దొంగచాటుగా నడిపేదీ ఆ ప్రోగ్రాములే మరి, దానికి దొంగెవరో దొరెవరో ఎలా తెలుస్తుంది? మైనర్ ఉన్న ఫోల్డర్ జోలికి పోవద్దని సెట్టింగుల్లో చెప్పాలి. అలాగని డిఫెండర్ మొత్తం ఆపేసి, ఎవరో ఇచ్చిన మైనర్ ఎక్కించేరు సుమా. కరెంటు మీది, కాయిన్లు వాడివి.

కానీ విండోస్‌లో ఒక సుఖముంది, అది ఒప్పుకోవాల్సిందే. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం తెరిచి, పవర్ లిమిట్ గీతని మౌస్‌తో ఇలా కాస్త వెనక్కి లాగితే చాలు. వాట్లు దిగుతాయి, వేడి తగ్గుతుంది, మైనింగ్ వేగం, అదే హ్యాష్‌రేట్, చూస్తే పెద్దగా కదలదు. అబ్బ! ఇంకొంచెం లాగుదామా అనిపిస్తుంది. ఒకటో రెండో కార్డులుండి, సాయంత్రం పిల్లలు గేములు ఆడుకునే ఇల్లయితే విండోసే ఉంచేయండి.

కార్డులు ఆరో ఎనిమిదో అయ్యాయా, అప్పుడు కథ మారుతుంది, లైనక్స్ వైపు చూడాలి. మీకీ సంగతి చెప్పానా? ఇథీరియం రోజుల్లో ప్రతి కార్డూ డ్యాగ్ అనే పెద్ద ఫైలుని తన మెమరీలో మోయాల్సి వచ్చేది. అది 30,000 బ్లాకులకోసారి 8 ఎంబీ చొప్పున లావెక్కేది. 2020 చివరికి 4 జీబీ కార్డుల్లో పట్టనంతయింది. ఇక్కడే ఉంది తమాషా. విండోస్ 10 కార్డు మెమరీలో కొంత తనకని అట్టే పెట్టుకుంటుంది కదా, అందుకని దాని మీదున్న కార్డులు ముందే చేతులెత్తేశాయి. లైనక్స్ మీదున్నవి ఇంకొన్నాళ్ళు లాగాయి. అదే కార్డు, అదే కరెంటు! 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగుకే స్వస్తి చెప్పేసింది, అది వేరే ఏడుపు.

లైనక్స్ అనగానే ఆ ముఖమెందుకలా పెడతారు? నల్లతెర ముందు కూర్చుని కమాండ్లు కొట్టక్కర్లేదండీ. హైవ్ ఓఎస్ అని ఉంది, ఉబుంటు మీద కట్టింది. ఇమేజ్ తెచ్చి ఎచర్ అనే ప్రోగ్రాంతో చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి ఎక్కించి, మీ ఖాతా వివరాలిచ్చి బూట్ చేయడమే. పెన్‌డ్రైవ్ చాలదా అంటారేమో. నడుస్తుంది. కానీ అస్తమానం రాస్తూ ఉంటే పెన్‌డ్రైవ్ ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? నా మాట విని ఎస్‌ఎస్‌డీ పెట్టండి. ఆ తర్వాత రిగ్గుకి మానిటరూ వద్దు, కీబోర్డూ వద్దు. ఏ కాయిను, ఏ వాలెట్టు, ఏ మైనింగ్ పూలు, ఏ మైనరు, అన్నీ కలిపి ఒక చీటీ. దాని పేరు ఫ్లైట్ షీట్! విమానం నడుపుతున్నంత దర్జా. ఏ బంధువుల పెళ్ళిలోనో పప్పన్నం కలుపుకుంటూ ఫోన్ తీసి, మూడో కార్డు ఫ్యాను వేగం పెంచొచ్చు. కార్డు మొరాయిస్తే దాని కాపలా ప్రోగ్రాం వాచ్‌డాగ్ తనే రీస్టార్ట్ చేసేస్తుంది. రేవ్ ఓఎస్, మైనర్‌స్టాట్ కూడా ఈ బాపతువే. ఖాతాకి టూ ఫ్యాక్టర్ లాగిన్ మాత్రం పెట్టండి బాబూ, తాళం పరాయి ఊళ్ళో ఉంది.

అన్నట్టు, కార్డులే లేనివాళ్ళ మాటేమిటి? మొనేరో అనే కాయిన్ ఉందిగా! 2019 నవంబరు నుంచి దాని మైనింగ్ పద్ధతి ర్యాండమ్ఎక్స్ ప్రాసెసర్ మీదే ప్రాణం పెట్టుకుంది. దానికి 2 జీబీ పైచిలుకు ర్యాము కావాలి, అదీ హ్యూజ్ పేజీలనే పెద్ద మెమరీ ముక్కల్లో ఉంటే మరీ హుషారు. విండోస్‌లో వాటికి ప్రత్యేకంగా అనుమతిచ్చి రీస్టార్ట్ చేయాలి. లైనక్స్‌లో ఎక్స్‌ఎం‌రిగ్ అనే మైనర్‌ని రూట్‌గా నడిపితే తనే సర్దుకుంటుంది. ఒక్కో పేజీ 1 జీబీ ఉండే సౌకర్యం కూడా లైనక్స్‌కే ఇచ్చారు. లాభం పిసరంతే. పిసరైతేనేం? తెర మీద 10 సెకన్లు, 60 సెకన్లు, 15 నిమిషాలు అని మూడు హ్యాష్‌రేట్ అంకెలు పడుతుంటాయి. ఆ మూడో అంకె కోసం టీ చల్లారేదాకా కాచుకోవడంలో ఉన్న మజా మీకేం తెలుసు!

ఇంతకీ మీ కార్డులెన్నో చెప్పారు కాదు. ఆరా? అయితే ఇంకేం, రాత్రి భోజనాలయ్యాక ఎస్‌ఎస్‌డీ పట్టుకుని ఇటు రండి, హైవ్ ఎక్కించి ఇస్తాను. రిగ్గు మాత్రం తేకండి. మా మీటరు ఇప్పటికే పై స్లాబులో ఉంది.