గట్టు ఎత్తు

మా అమ్మ వంటింట్లో ఒక పీట ఉండేది. కూర్చునే పీట కాదు, నిలబడే పీట. గ్యాసు పొయ్యి ముందు దాన్ని వేసుకుని, దాని మీదెక్కి వంట చేసేది. కూర కలపడానికి ఎక్కేది, ఉప్పు డబ్బా అందుకోవడానికి దిగేది, మళ్లీ ఎక్కేది. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగేదో ఇంట్లో ఎవరమూ లెక్కపెట్టలేదు. చూసీ చూసీ అది కూడా వంటింటి సామానులో ఒకటైపోయింది మాకు, రోలూ రోకలీ లాగా.

హన్మకొండ కుమార్‌పల్లిలో బాపు ఇల్లు కట్టించింది 1989లో. అంతకుముందు అద్దె ఇండ్లలో కింద కూర్చుని కిరసనాయిలు స్టవ్వు మీద వండిన అమ్మకు, నిలబడి వండుకునే వంటిల్లు పెద్ద ఆశ. ఆ వంటింట్లో తాండూరు బండ వేసి గట్టు కడుతున్న రోజు నాకు బాగా గుర్తుంది. మేస్త్రీ బాపునే పిలిచాడు. "సారూ, గీడికి సాల్తదా?" అని గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. బాపు వచ్చి నిలబడి, నడుము దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని, "ఇంకింత పైకి పెట్టు, వంగకుంట ఉంటది" అన్నాడు. ఆయన అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. గట్టు ముప్పై ఆరు అంగుళాలు వచ్చింది. అమ్మ నాలుగడుగుల పదంగుళాలు.

అప్పుడు అమ్మ ఎక్కడుందంటే, ఇంటి వెనక కొత్త గోడలకు నీళ్లు కొడుతోంది. సిమెంటు గట్టిపడాలంటే తడి ఆరనీయకూడదని మేస్త్రీ చెబితే, మూడు వారాలు పొద్దునా సాయంత్రం బిందెలతో మోసి ఇంటినంతా తడిపింది ఆమే. ఇల్లు గట్టిపడటానికి ఆమె చెయ్యి కావలసి వచ్చింది గానీ గట్టు ఎత్తు నిర్ణయించడానికి ఆమె మోచెయ్యి ఎవరికీ గుర్తు రాలేదు.

గట్టు మీద పొయ్యి పెడితే ఇంకో నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది. దాని మీద బాణలి. దాని అంచు అమ్మకు ఇంచుమించు ఛాతీ దగ్గరికి వచ్చేది. తాలింపు చిట్లితే మొహం మీదికే. గృహప్రవేశం అయిన నాలుగో రోజో ఐదో రోజో పీట తెచ్చి వేసుకుంది. ఆ తర్వాత గట్టు గురించి ఎవరితోనూ మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. పైగా వాడకట్టులో ఎవరైనా కొత్త ఇంట్లోకి వచ్చి భుజాలు గుంజుతున్నాయంటే, "ఒక పీటేస్కోండ్రి, మంచిగుంటది" అని చెప్పేది. అలా అది చిట్కా అయింది.

చిట్కాలంటే అమ్మకు ప్రాణం. బాపు ఆఫీసు నుండి తెచ్చిన ఒక పాత లెడ్జరు నిండా అవే. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నడిపిన 'ప్రమదావనం' కత్తిరింపులు, ఆ తర్వాత ఈనాడు 'వసుంధర' పేజీలవి, మధ్యమధ్య అమ్మ చేతిరాత. 2019లో అమ్మ పోయాక ఆ లెడ్జరు నా దగ్గరికొచ్చింది. తిరగేస్తూ ఉంటే ఒక విషయం పట్టుకుంది నన్ను. నలభయ్యేండ్ల ఆ వాక్యాల్లో కర్త లేదు. నిమ్మచెక్కతో రుద్దితే ఇత్తడి తళతళలాడుతుంది. పప్పుకు ఆముదం పట్టిస్తే పురుగు రాదు. రాత్రి నానబెడితే పొద్దున సులువుగా వదులుతుంది. రుద్దేదెవరు, పట్టించేదెవరు, రాత్రి గుర్తుపెట్టుకుని నానబెట్టేదెవరు? మన భాషలో క్రియకు 'తే' తగిలిస్తే చాలు, మనిషి మాయమైపోతుంది. ఎంతసేపు పడుతుందన్నది కూడా ఏ చిట్కాలోనూ ఉండదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ తన పేరు మరచిపోయింది. ఈ లెడ్జరులో అసలు పేరుకు చోటే లేదు.

ఎంతసేపన్నది 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే చెప్పింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారట. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లే తక్కువ, అది వేరే సంగతి.

అయితే లెడ్జరునంతా ఎగతాళి చేసి పక్కన పెట్టడం నాకు చేతకాదు. అందులో పనికిరానివి ఉన్నాయి. వంటసోడా, వెనిగరు కలిపి పోస్తే అన్నీ శుభ్రమవుతాయని ఒకటి. బుసబుస పొంగితే మురికి పోయినట్టే ఉంటుంది గానీ ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని, చివరికి మిగిలేది ఉప్పునీళ్ల వంటిదే. విడివిడిగా వాడితేనే నయం. కానీ గట్టి జ్ఞానం కూడా ఉంది. ప్రతి ఏడూ శివరాత్రి దాటాక అమ్మ సున్నపు రాళ్లు తెప్పించి, రాత్రంతా నీళ్లలో మాగనిచ్చి, వడగట్టి, జిగురు కలిపి స్లాబు మీద రెండు పూతలు పూసేది. ఓరుగల్లు ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర లేదు. మే నెలలో నలభై నాలుగు డిగ్రీలప్పుడు స్లాబు పొద్దంతా తాగిన వేడిని రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. తెల్లటి పూత ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు తాగేది తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించినప్పుడు పేపరు పట్టుకుని నవ్వుకున్నాను. చీపురుతో సున్నం పూసి, అరచేతులు పగిలి, వాటికి కొబ్బరినూనె రాసుకుని పడుకునేది అమ్మ. ఆమె చేసినప్పుడు చిట్కా, ప్రభుత్వం చేస్తే విధానం!

పీట దగ్గరికి మళ్లీ వస్తాను. 2011 కార్తీకంలో ఒక పొద్దున పాలు పొంగుతున్నాయని తొందరగా ఎక్కబోయి, పీట జారి పడింది అమ్మ. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలు బాపు చాయ పెట్టాడు. అన్నం కూడా వండాడు, కొంచెం మెత్తగా. కాలేజీ నుండి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. గట్టు ఆయనకు ఎంత బాగా సరిపోయిందో! భుజాలు ఎత్తనక్కర లేదు, వంగనక్కర లేదు. ఇరవై రెండేండ్లుగా ఆ గట్టు వండని మనిషి కొలతతో ఆయన కోసం ఎదురుచూసినట్టు అనిపించింది.

అసలు సిగ్గుపడాల్సింది నేను. అప్పటికి పదిహేనేండ్లుగా సెమినార్లలో ఇంటిచాకిరీ మీద పత్రాలు చదువుతున్నాను. వేతనం లేని శ్రమ గురించి, శ్రమ అదృశ్యం కావడం గురించి. విమల 'వంటిల్లు' కవితను ఎన్ని తరగతుల్లో పాఠంగా చెప్పానో. ఆ పత్రాలు చదివి ఇంటికొచ్చి, అమ్మ పీట మీద నిలబడి పోసిచ్చిన చాయ తాగాను. పీట నా సిద్ధాంతంలో ఎక్కడా తగల్లేదు.

కట్టు విప్పిన వారానికి మేస్త్రీని పిలిచాను. అతను వచ్చి అడిగిన మొదటి మాట, "సారునడిగిన్రా?" సారు వరండాలో పేపరు చదువుతున్నాడు. "వండేది ఈమె, ఈమెను కొలువు" అన్నాను. అమ్మ సిగ్గుపడి, "ఇప్పుడెందుకు బిడ్డా, అయిపాయె కద" అంది. చెప్పులు లేకుండా నిటారుగా నిలబెట్టి, మోచెయ్యి వంచమన్నాం. మోచేతి కింది నుండి బెత్తెడు, ఇంకో రెండేళ్లు కిందికి. తరగడానికి, కలపడానికి అదీ కొలత. చపాతీ పిండి పిసకాలంటే ఇంకాస్త దిగినా మంచిదే, ఒంటి బరువంతా చేతుల మీదికి వస్తుంది. ముప్పై ఒక్క అంగుళం తేలింది. బండ ఊడదీసి, కింది గోడలు అయిదంగుళాలు కోసి, మళ్లీ బండ పరచడానికి పట్టింది రెండు రోజులు. మూడో రోజు అమ్మ గట్టు మీద అరచేతులు పెట్టి నిలబడి, "గింతనేనా పని?" అంది. నా వైపు చూడలేదు. సంతోషంగా అందో, మరోలా అందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఏడెనిమిదేండ్లు ఆ గట్టు మీద వండింది. పీట మాత్రం పారెయ్యనివ్వలేదు. దాని మీద కూర్చుని చింతపండు గింజలు తీసేది.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నైపోతాను. కానీ 2023 ఉంది.

ఆ ఏడు జులై చివర్లో పడిన వాన మరిచేది కాదు. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. ఇక్కడ నాలాలు పొంగి వీధులు మునిగాయి. నయీంనగర్ వైపు ఉన్న మా ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక మిగిలిన బురద, వాసన, గోడల మీద చార. మా ఇంట్లో పని చేసే ఆమె ఇల్లు కూడా మునిగింది, ఆమె మూడో రోజే పనికి వచ్చింది. నేనెందుకు రమ్మన్నానో అడగకండి.

బాత్రూము నేల ఎంత తోమినా తెల్లబడలేదు. ఎక్కడో చదివానో, ఎవరో చెప్పారో, బ్లీచింగు పౌడరు చల్లి దాని మీద యాసిడ్ పోస్తే మరక ఇట్టే వదులుతుందని నాకు గుర్తుంది. అదే చెప్పాను. వాసన ఇంట్లోకి రాకుండా తలుపు వేసుకొమ్మని కూడా చెప్పాను. రెండు నిమిషాలు కాలేదు, తలుపు తోసుకుని బయటపడింది. కండ్లు ఎర్రగా, దగ్గు ఆగకుండా, గోడ పట్టుకుని. పెరట్లో గాలికి కూర్చోబెట్టి, మొహం కడిగించి, ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రం దాకా ఆక్సిజన్ పెట్టారు. బ్లీచింగు పౌడరు మీద ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికుల మీదికి జర్మన్ సైన్యం వదిలింది ఆ వాయువునే. నేను దాన్ని నాలుగడుగుల బాత్రూములో, తలుపు వేయించి తయారు చేయించాను. ఈ రెండూ ఎన్నడూ కలపకండి. ఒకటి వాడాక పుష్కలంగా నీళ్లు పోసి కడగకుండా రెండోది ముట్టుకోకండి, ముట్టుకొమ్మని ఎవరికీ చెప్పకండి.

నాలుగో రోజు చూడటానికి వెళ్తే ఆమె ఒకటే అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవడానికన్నట్టు. "అమ్మా, గది నువ్వెన్నడన్న జేసినవా?"

లేదు. చేయలేదు. లెడ్జరులో కర్త లేని వాక్యాలని ఇంత గొప్పగా కనిపెట్టానే, నేను చెప్పిన వాక్యంలోనూ కర్త లేదు. 'పోస్తే వదులుతుంది' అన్నాను. పోసేది నేను కాదని నాకు తెలుసు గనక అంత తేలిగ్గా అన్నాను.

ఆ రోజుల్లోనే మార్గరెటె షుట్టె-లిహోత్స్కీ గురించి మళ్లీ చదివాను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ల కోసం ఆమె రూపొందించిన వంటిల్లు ఇవాళ్టి మన గట్టు, అరలు, సొరుగుల వంటింటికి తల్లి వంటిది. రెండు మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు, మూడున్నర మీటర్లకు కాస్త తక్కువ పొడవు. అడుగులు లెక్కగట్టి, నిమిషాలు కొలిచి చేసింది. అలాంటివి పదివేల దాకా కట్టారు. అంతకుముందు తానెన్నడూ వంట చేయలేదని తర్వాత ఆమే చెప్పుకుంది. కొలతతో మొదలుపెట్టిందని ఆమె మీద గౌరవం నాకు. కానీ ఆ వంటింట్లో ఒక్కరే పట్టేవారు, ఆ ఒక్కరు ఎవరో మళ్లీ చెప్పాలా?

ఆమె తిరిగి పనిలోకి వచ్చాక, మా పెరట్లో బోళ్లు తోమే చోటు మొదటిసారి సరిగ్గా చూశాను. నేల మీద కుళాయి, దాని ముందు చిన్న పీట. ఇంకో పీట! గొంతుక్కూర్చుని, మోకాళ్ల మధ్య గిన్నెలు పెట్టుకుని గంటసేపు. ఇంట్లో ఉన్న సింకు నా ఎత్తుకు కట్టించుకున్నాను, అందులో నేను కడిగేది చాయ కప్పులు. "నిలబడి తోముకునేటట్టు ఇక్కడొకటి కట్టిస్తా" అంటే ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కట్టియ్యుండ్రి గని, జీతం గూడ పెంచుండ్రి. గట్టుతోని పూట గడుస్తదా?" అంది.

మేస్త్రీ వచ్చాడు, వేరే మేస్త్రీ. టేపు నా వైపు తెచ్చాడు. ఆమెను చూపించాను. ఆమె చెంగు దోపుకుని నిలబడి చెయ్యి వంచింది. సింకులో చేతులు లోపలికి దిగుతాయి కాబట్టి అంచు తరిగే గట్టు కన్నా కాస్త ఎత్తుండాలి, లేకపోతే నడుము వంచాల్సి వస్తుంది. ఆమె పొడుగరి. ముప్పై ఆరు అంగుళాలు వచ్చింది. టేపు మీద ఆ అంకె చూసి కాసేపు అలా నిలబడిపోయాను. మేస్త్రీ "ఏమైందమ్మా, ఎక్కువైందా?" అన్నాడు. ఆమె బదులు చెప్పింది, "లేదు, నాకు సరిగ్గున్నది."

గట్టుకు పది రోజులు నీళ్లు నేనే కొట్టాను. జీతం పెంచాను, ఆమె అడిగినంత కాదు. వచ్చే నెల నుండి మళ్లీ మాట్లాడుకుందామన్నాను. ఆమె తేదీ గుర్తు పెట్టుకుంది.