పదిహేనేళ్ల కారు, బయట పెట్టించిన సైరన్

మా కారు నంబరు ఏపీ 23తో మొదలవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లా కోడ్ అది. తర్వాత టీఎస్ 15 వచ్చింది, జిల్లా సంగారెడ్డి అయింది, 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి మాత్రం ఝరాసంగంలో మా ఇంటి ముందు వేపచెట్టు కిందే ఉంది. 2010 చివర్లో రిజిస్టరైన 998 సీసీ పెట్రోలు కారు. అంటే 2025లో పదిహేనేళ్లు నిండాయి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే. ఆ పైన బండిని తీసుకెళ్లి చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. హరిత పన్ను దీనికి అదనం.

ఆ 5,000 కట్టి ఉంచుకోవాలా, వచ్చిన కాడికి అమ్ముకోవాలా అని లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే కారు ఇంకో పంచాయితీ పెట్టింది. నడిరాత్రి దానంతట అదే మొత్తుకోవడం మొదలుపెట్టింది. వాన పడ్డ రాత్రయితే చెప్పనక్కర్లేదు. నేను రిమోట్ పట్టుకుని బయటికొచ్చేసరికి పక్కింటి పెద్దమనిషి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఒక్క మాటా అనేవాడు కాదు. అదే ఎక్కువ బాధ.

ఆ సైరన్ కంపెనీ పెట్టింది కాదు. పటాన్‌చెరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మొదటి యజమాని గొప్పగా చెప్పిన సరంజామాలో అదొకటి: సెంట్రల్ లాకు, అలారం, రివర్స్ సెన్సర్. వాటి పేరు మీద నాలుగైదు వేలు ఎక్కువ అడిగాడు. నేనూ బేరంలో పెద్దగా పట్టుబట్టలేదు, ఉంటే మంచిదేగా అనుకున్నాను.

అలారం దొంగను ఆపుతుందన్న నమ్మకం నాకు కేతకీ సంగమేశ్వరుని గుడి దగ్గరే పోయింది. శివరాత్రి జాతరకు మా ఊరికి కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారు. బండ్లన్నీ పొలాల్లోనే పెట్టాలి. పక్కనే ఎవరో ట్రాక్టర్ మీద పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు వేశారు. ఆ అదురుకు నా కారులోని షాక్ సెన్సర్ కదిలింది, సైరన్ మొదలైంది. కాసేపటికి మైకులో పిలుపు: ‘ఏపీ ఇరవై మూడు, తెల్ల కారు ఓనర్ ఎక్కడున్నా రావాలె, బండి మొత్తుకుంటున్నది.’ నేను చేరేసరికి కారు చుట్టూ పది మంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా దొంగ అన్న ఆలోచన లేదు, నోరు మూయించేవాడు ఎప్పుడొస్తాడా అని చూస్తున్నారంతే. నిజంగా ఎవడైనా అద్దం పగలగొట్టి తాళం తిప్పుతుంటే, వాడే ఓనరనుకుని దారి ఇచ్చేవాళ్లు.

ఈ గొడవకు బయట దొరికిన సలహాలన్నీ డబ్బు పెట్టించేవే. ఒక దుకాణంలో బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యాలన్నారు. ఇంకోచోట ఈ అలారం పాతబడింది, కొత్త మోడల్ పెట్టించుకోండి, ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుందన్నారు. షోరూంలో కుర్రాడు ఇంకా పైకి పోయాడు: ‘సార్, పదిహేనేళ్ల బండి మీద ఎందుకు సార్ ఖర్చు? సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది.’ అతను చెప్పింది అబద్ధం కాదు. సెస్సుతో కలిపి 29 శాతం ఉండే పన్ను చిన్న పెట్రోలు కార్లకు 18 శాతానికి దిగింది. కానీ తగ్గిన పన్ను నా జేబులోకి వచ్చే డబ్బు కాదు, నేను పెట్టబోయే ఖర్చులో తగ్గింపు. కాగితం మీద వేసి చూశాను. 6 లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. నెలకు దాదాపు 9,800. ఏడేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 2 లక్షల 20 వేలు దాటుతుంది. కొత్త కారుకు పూర్తి ఇన్సూరెన్స్ కూడా చేయించాలి. బడికి, జహీరాబాద్ బజారుకు, నెలకోసారి హైదరాబాద్‌కు తిరిగే ఉపాధ్యాయుడికి ఇంత అవసరమా? బీప్ వినపడుతోందని ఇంత అప్పు చేయడం నాకు నచ్చలేదు.

జహీరాబాద్‌లో హైవే పక్కన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ట్రాక్టర్లు, లారీలు చూసి చూసి చేయి తిరిగినవాడు. కారు దగ్గరికి వచ్చి ముందు ఏ తీగా ముట్టుకోలేదు. ‘మొత్తుకునేది ఏడకెల్లి వస్తుంది సార్? లోపట డ్యాష్‌బోర్డుల నుంచా, బానెట్ కింద నుంచా?’ అని అడిగాడు. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది.

పాత కార్లలో బీప్‌లు రెండు రకాలు. డ్యాష్‌బోర్డు లోపలి నుంచి సన్నగా వచ్చేది సాధారణంగా కంపెనీది. హెడ్‌లైట్లు ఆపకుండా తలుపు తీస్తే గుర్తుచేసే బజర్ అలాంటిది. దానికి ఒక కారణం ఉంటుంది, కారణం తీసేస్తే ఊరుకుంటుంది. ఇండికేటర్ టిక్‌టిక్ మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటే ఒక బల్బు పోయిందని అర్థం. బల్బు మారిస్తే సరి. బానెట్ కింద నుంచి సైరన్, డిక్కీ దగ్గర బీప్‌బీప్ బయట పెట్టించిన సామాను. దానికి కారు సంగతి పూర్తిగా తెలియదు. తలుపు స్విచ్ నుంచి ఒక తీగ, ఇగ్నిషన్ నుంచి ఒక తీగ లాక్కుని, వాటిలో ఏ తేడా వచ్చినా అరుస్తుంది.

మా కారులో జరిగింది అదే. తలుపు ఫ్రేములో రబ్బరు తొడుగుతో చిన్న పిన్ను స్విచ్ ఉంటుంది, తలుపు మూస్తే లోపలికి నొక్కుకుపోతుంది. ఎడమవైపు వెనక తలుపుది రబ్బరు చినిగి, నీళ్లు దిగి తుప్పుపట్టింది. తలుపు మూసే ఉన్నా వాన తడికి అది ‘తెరిచారు’ అని చెప్తోంది, సైరన్ నమ్ముతోంది. లోపలి లైటు అప్పుడప్పుడు మినుకుమనడం మా ఆవిడ ఎప్పుడో చూసి చెప్పింది. ఆ లైటు కూడా ఆ స్విచ్ మీదే నడుస్తుంది. కొత్త స్విచ్, బిగించినందుకు కూలీ కలిపి రెండు వందల లోపే.

నేనైతే అక్కడితో అయిపోయిందనుకున్నాను. అతను ఆగలేదు. ‘బ్యాటరీ ఎందుకు దిగుతుందో చూద్దాం’ అన్నాడు. దసరా సెలవులకు ఊరెళ్లి వస్తే బండి లేవని మాట నిజమే, తోసి స్టార్ట్ చేయడం మాకు అలవాటైపోయింది. కారు మొత్తం ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య మీటర్ పెట్టాడు. పది నిమిషాలు ఎవర్నీ తలుపులు ముట్టనివ్వలేదు. మీటర్ అలా ఉండగా స్టార్టర్ తిప్పితే మీటర్ ఫ్యూజు పోతుందని ముందే హెచ్చరించాడు. అంకె 0.3 ఆంపియర్ల దగ్గర నిలబడింది. ఆపి ఉంచిన ఇలాంటి కారు తాగాల్సింది 0.02 నుంచి 0.05 లోపే. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూశాడు, అంకె కదల్లేదు. స్టీరింగ్ కింద చేయి పెట్టి అలారం డబ్బా కనెక్టర్ లాగాడు. 0.02కు పడిపోయింది.

నాది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. గంటకు 0.3 చొప్పున తాగితే ఐదు రోజులు తిరక్కుండానే అడుగంటుతుంది, ఇంజన్ లేపే బలం అంతకుముందే పోతుంది. రోజూ తిరిగే బండి కాబట్టి నాకు తెలియలేదు. ఇలా పదేపదే అడుగంటిన బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. నాలుగేళ్లు రావాల్సింది రెండేళ్లకే మార్చాల్సి వస్తోందంటే, 4,500 పెట్టి కొనే బ్యాటరీ మీద ఏడాదికి 1,100 పైచిలుకు ఊరకే పోతోంది. దొంగ రాకుండానే అలారం ఏటా అంత ఎత్తుకుపోతోందన్నమాట.

సైరన్ తీగ ఒక్కటి కోసేస్తే చాలదా అని అడిగాను. చాలామంది చేసేది అదే. సైరన్ నోరు మూస్తుంది గానీ డబ్బా కరెంటు తాగుతూనే ఉంటుంది. పైగా అలారం బిగించేటప్పుడు స్టార్టర్ తీగనో, పెట్రోల్ పంపు తీగనో కోసి మధ్యలో రిలే పెడతారు. డబ్బా చెడితే ఆ రిలే తెరుచుకుని, నడిరోడ్డు మీద బండి ఆగిపోవచ్చు. తీసేవాడు కోసిన తీగను మళ్లీ కలపాలి. అతను టేపు విప్పి చూపించాడు. రాగి పోగులు ఊరకే మెలితిప్పి ఉన్నాయి, ఎండకు టేపు జిగురు కారి నల్లగా అంటుకుంది. టంకం లేదు, విడి ఫ్యూజు లేదు. కారు తగలబడటానికి ఇలాంటి జాయింట్ చాలు. అన్నీ విప్పి, తీగలు కలిపి టంకం వేసి, ఎనిమిది వందలు తీసుకున్నాడు. సెంట్రల్ లాకు మాత్రం ఉంచాడు. రివర్స్ సెన్సర్ కూడా ఉండనిచ్చాను, మా వీధిలో కోళ్లు, మేకలు, పిల్లలు ఎక్కువ.

అలారం ఉంటే ఇన్సూరెన్స్ తగ్గుతుందనే మాట అమ్మేవాళ్లు తప్పకుండా చెప్తారు. దీన్నీ లెక్కేసి చూద్దాం. పాత మోటార్ టారిఫ్ ప్రకారం ఆ తగ్గింపు వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన పరికరానికే, అదీ సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, మించితే 500 రూపాయలు. సొంత నష్టం ప్రీమియం 3,000 ఉంటే తగ్గేది 75. అదే సామానును అదనపు ఎలక్ట్రికల్ పరికరంగా పాలసీలో చేరిస్తే దాని విలువ మీద 4 శాతం కట్టాలి, 3,500ల అలారానికి 140. నాలాగా థర్డ్ పార్టీ ఒక్కటే ఉంచుకున్నవాళ్లకు తగ్గింపు సున్నా. 1,000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ 2,094, దాని మీద 18 శాతం జీఎస్టీ. కారులో అలారం ఉన్నా లేకున్నా అంతే. ఎక్స్‌ఛేంజ్‌లో 60 వేలు పలికే బండికి, పెడల్‌కూ స్టీరింగ్‌కూ తగిలించే ఇనుప లాకు ఏడు వందలకు కొన్నాను. అది బ్యాటరీ తాగదు, జాతరలో మైకులో నా నంబరు చదివించదు.

అలాగని బీప్ అనగానే శత్రువనుకునేవాళ్లతో నేను కలవను. 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో ముందు సీట్లకు బెల్టు బీప్, 80 కిలోమీటర్లు దాటితే వేగం హెచ్చరిక తప్పనిసరి చేశారు. గల్ఫ్‌కు పోయొచ్చిన మావాళ్లు అక్కడి కార్లలో 120 దాటితే గంట మోగేదని చెప్తారు. అమెరికాలో 1974 మోడల్ కార్లను బెల్టు పెట్టుకోకపోతే ఇంజనే లేవకుండా చేశారు. జనం తిరగబడితే 1974 అక్టోబర్‌లో చట్టం చేసి దాన్ని ఎత్తేసి, బజర్ ఎనిమిది సెకన్లు మించకూడదన్నారు. మనవాళ్లు తిరగబడలేదు, బెల్టు బకిల్‌లో గుచ్చి బీప్ ఆపే క్లిప్పులు కొనుక్కున్నారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశిస్తే అలాంటి క్లిప్పుల ప్రకటనలు 13,118 తీసేశారు. పల్లెల్లో కార్ల సామాన్ల దుకాణాల్లో మాత్రం అవి ఇంకా వేలాడుతున్నాయి. వంద రూపాయలకు ప్రాణం మీదికి తెచ్చుకునే బేరం అది.

రిజిస్ట్రేషన్‌కు 5,000 కట్టేశాను. ఫిట్‌నెస్ చూసిన అధికారి హారన్, లైట్లు, బ్రేకులు, పొగ చూశాడు. అలారం ఉందా అని అడగలేదు. కారు 2030 దాకా నడుపుకోవచ్చు. నెలకు 9,800 కిస్తు కట్టే బదులు అందులో నాలుగు వేలు ఆర్‌డీలో వేస్తున్నాను. అప్పటికి కొత్త బండి కావాలంటే కొంతైనా అప్పు తగ్గుతుంది. దీనికి మా ఆవిడ ఒప్పుకుంది గానీ, కొత్త కారు రంగు మాత్రం ఇప్పుడే తేల్చేసింది.

పాత కారు కొనబోయేవాళ్లకు ఒక్క మాట. బయట పెట్టించిన అలారం ఉందని అమ్మేవాడు ధర పెంచితే ఒప్పుకోకండి. బండి ఆపి మీటర్ పెట్టి చూడమనండి, తీయించే కూలీ ఎంతో మెకానిక్‌ను అడిగి, అంత ధరలోంచి తగ్గించమనండి.