మా వాడ ముచ్చట్లు – 11: అడ్రస్ గడి

2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అందులో చాలామంది మా సంగారెడ్డి పక్కన కందిలో బిల్డింగులు కట్టిన కూలీలు. వారం తిరిగేసరికి బీహార్ నుంచి రైస్ మిల్లు హమాలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. దిగినవాళ్ళకు పూలిచ్చి స్వాగతం చెప్పారు. మనుషులు అంత కరువయ్యారు.

జూన్‌లో మా టౌన్‌లో షెడ్లు, హోటళ్ళు తెరిచారు. తెలిసిన ఫాబ్రికేషన్ సేటు ఫోన్ చేశాడు. "మనుషులు దొరుకుతలేరన్నా. మీ దిక్కు పనొచ్చిన పిల్లలుంటే సూడు."

లేకనా? అంబేడ్కర్ భవన్ అరుగు మీద రెండు సాయంత్రాలు నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఆరు పేర్లొచ్చాయి. ఐటీఐలో రెండేళ్ళు ఫిట్టర్ చదివి ఆటో తోలుతున్న తమ్ముడు. వెల్డర్ సర్టిఫికెట్ ఉండి ఉపాధి హామీలో మట్టి తవ్వుతున్న తమ్ముడు. సిటీ హోటల్లో నాలుగేళ్ళు కూరలు వండి, లాక్‌డౌన్‌లో నడిచి ఇల్లు చేరినవాడు. కుట్టుమిషన్ వచ్చిన అమ్మాయిలు ఏడుగురు (వాళ్ళ సంగతి వేరే భాగంలో రాస్తాను). పేరు, పని, ఎన్నేళ్ళు, ఫోన్, అడ్రస్ అని ఐదు గళ్ళు గీశాను. అడ్రస్ గడిలో అందరికీ ఒకటే మాట: ఎస్సీ కాలనీ.

జిరాక్సులు తీసి తొమ్మిది చోట్ల ఇచ్చాను. ఫాబ్రికేషన్ సేటు ఇద్దరిని తీసుకున్నాడు, ఉన్నమాట చెప్పాలి. మిగతా ఎనిమిది చోట్ల నుంచి ఒక్క ఫోన్ రాలేదు. హోటలాయన దగ్గరికి నేనే వెళ్ళాను.

"పిలగాడు మంచోడే అన్నా. గిన్నెలు కడగనీకి రమ్మను, రేపే పెట్టుకుంట. వంటకంటే... కస్టమర్లు అడుగుతరు."

అంతకుముందు ఆ వంటింట్లో ఉన్నది బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాడు. అతని కులం ఏ కస్టమరూ అడగలేదు, ఈయనా అడగలేదు. ఊరు దాటొస్తే ఆ మాత్రం వెసులుబాటు ఉంటుంది. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు, ఏమో, అతనూ మనవాడేనేమో.

బొంబాయి బట్టల మిల్లుల్లో మనవాళ్ళను నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్ళు కాదు. జీతం ఎక్కువ అక్కడే. నాడెలోకి దారం ఎక్కించాలంటే నోటితో పీల్చాలి, ఆ ఎంగిలి దారం తర్వాతివాడు ముట్టుకోవాలి, అదీ కారణం. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. పని రాకపోవడం వేరు, రానివ్వకపోవడం వేరు. హోటల్ మెట్లు దిగుతూ నాకు ఆ దారమే గుర్తొచ్చింది.

సాయంత్రం వంట తమ్ముడు అన్నాడు, "అన్నా, అడ్రస్ రాయకు."

నేను ఆత్మగౌరవం గురించి చాలాసేపే చెప్పాను. అంతా విన్నాడు. "నీకు నెలనెలా జీతం పడ్తది. నీ పేరు కింద నువ్వు రాస్కో" అన్నాడు.

ఆ రాత్రి కొత్త కాగితం గీశాను. అవే పేర్లు, అవే పనులు. అడ్రస్ గడిలో ఇంటి నంబరు, పాత బస్టాండ్ వెనక. అబద్ధం కాదు, మా కాలనీ అక్కడే ఉంది. ఈసారి నేను కాకుండా వేరే మిత్రుడు, వేరే దుకాణాలకు తీసుకెళ్ళాడు. పది రోజుల్లో ఐదుగురికి పిలుపులొచ్చాయి.

థోరట్, అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన మీలో చాలామంది క్లాసులో చదివే ఉంటారు. ఒకే చదువు, ఒకే అర్హత, పేర్లు మాత్రం వేరుగా పెట్టి కంపెనీలకు అప్లికేషన్లు పంపితే దళిత పేర్లకు పిలుపులు తగ్గాయి. నేనూ సభల్లో చాలాసార్లు చెప్పాను. రెండో కాగితం గురించి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

వంట తమ్ముడు ఇప్పుడు బొంబాయి హైవే మీద ఒక దాబాలో మాస్టర్. మొన్న మీటింగుకు పోతూ ఆగాం. నా మెడలో నీలం కండువా ఉంది. కిటికీలోంచి నన్ను చూశాడు, చూసి మళ్ళీ పొయ్యి దిక్కు తిరిగాడు. నేను కండువా తీసి సంచిలో పెట్టుకున్నాను. పప్పు బాగా చేశాడు. ఎవరు వండారని నేను అడగలేదు.