గోడ పగిలితే కనిపించిన వాకిలి

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ద్వారకా నగర్ పౌర గ్రంథాలయానికి నడిచేసరికి పది దాటింది. చదువుకునే హాల్లో పోటీ పరీక్షల కుర్రాళ్లు నోట్సుల మీద వంగి ఉన్నారు. జీవరసాయనం చెప్పి రిటైరైన మా మాస్టారు గోడవార బల్ల దగ్గర నాకు చోటు ఆపారు.

మా చెల్లి కూతురికి పాలు తాగిన మూడు నాలుగు గంటలకే రక్తంలో చక్కెర పడిపోతోంది. గ్లైకోజన్ నిల్వ జబ్బు, ఒకటో రకంలో 'బి' అన్నారు డాక్టర్లు. ఆ 'బి' ఏమిటో తెలుసుకుందామని వచ్చాను.

మాస్టారు కాగితం మీద ఒక అర గీశారు. "ఇది కాలేయ కణంలో పొరలతో అల్లుకున్న అర. అంతర్జీవ ద్రవ్యజాలమని చదువుకున్నావుగా. బయట గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ తయారవుతుంది. దాని ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్ ఈ అర లోపలి వైపు పనిచేస్తుంది. ఊడితేనే అది చక్కెరై రక్తంలోకి పోయేది."

1952లో కోరీ దంపతులు ఈ జబ్బున్న పిల్లల కాలేయంలో ఆ ఎంజైమ్ లోపించిందని చూపించారు. కొందరు పిల్లల్లో మాత్రం లక్షణాలన్నీ అవే, ఎంజైమ్ చూస్తే నిక్షేపంగా ఉంది. ఎలా? 1978లో జపాన్‌లో నారిసావా బృందం ఒక బిడ్డ కాలేయపు ముక్కను పరీక్షించింది. పొరలు చెక్కు చెదరకుండా ఉంటే పని జరగలేదు. డిటర్జెంట్‌తో పొరలను ఛిద్రం చేస్తే ఎంజైమ్ చక్కగా పనిచేసింది. గోడ పగిలాక పని జరిగిందంటే, లేనిది వాకిలే. అదే 'బి'.

అంతసేపు నేను కాగితం మీంచి కళ్లు తిప్పలేదు.

"ఎంత ఫాస్ఫేట్ ఊడిందో కొలవడం మనవాడు నేర్పిందే, నాయనా," అన్నారు మాస్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి అది. నీలం రంగు ఎంత చిక్కబడితే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త పెరిగింది. పక్క బల్ల కుర్రాడు తలెత్తి చూశాడు.

ఆ వాకిలి పొరలో ఇమిడిన ప్రొటీన్, 429 అమైనో ఆమ్లాల గొలుసు. దాని జన్యువు 11వ క్రోమోజోములో ఉందని 1990ల చివర్లో తేలింది. ఊరికే తెరుచుకునే తలుపు కాదది: గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను లోపలికి తీసుకుని, లోపల మిగిలిన ఫాస్ఫేట్‌ను బయటికి పంపుతుంది. ఎలా తిరుగుతుందో దాని బ్యాక్టీరియా బంధువు చెప్పింది. ఇ. కోలైలోని అలాంటి ప్రొటీన్ ఆకారం 2003లో తెలిసింది. పొరను దాటే పన్నెండు సర్పిలాలు, ఆరేసి చొప్పున రెండు కట్టలు. మాస్టారు రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టారు. మణికట్లు ఆనించి వేళ్ల వైపు తెరిచారు, సరుకు పడ్డాక వేళ్లు మూసి మణికట్ల వైపు తెరిచారు. రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ తెరవలేదు.

"మరి మా చెల్లి పాపకు మాటిమాటికీ జ్వరాలు, నోటిపూత ఎందుకండీ?"

అదే వాకిలి తెల్ల రక్తకణాల్లోనూ ఉంటుందట. తిండితో వచ్చే 1,5-ఆన్‌హైడ్రోగ్లూసిటాల్ అనే చక్కెరలాంటి పదార్థానికి కణంలో పొరపాటున ఫాస్ఫేట్ అంటుకుంటుంది. దాన్ని అరలోకి తోసి విరగ్గొట్టే దారి మూసుకుపోతే, అది పేరుకుని, క్రిములతో పోరాడే తెల్ల కణాలైన న్యూట్రోఫిల్‌లు చక్కెరను వాడుకోకుండా అడ్డుపడుతుంది. 2019లో ఈ సంగతి తేలాక, 2020లో కొందరు రోగులకు ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చి చూశారు. షుగర్ జబ్బుకు ఈ వీధి మందుల షాపుల్లో అమ్మే మాత్రే! ఆ మాత్ర ఆన్‌హైడ్రోగ్లూసిటాల్‌ను మూత్రంలో పంపేస్తుంది. పిల్లలకు ఇవ్వాలంటే నిపుణుడైన డాక్టరే చూడాలని మాస్టారు రెండుసార్లు చెప్పారు.

బయటికొచ్చి కాఫీ తాగాం. అరకు పచ్చి కాఫీ గింజల్లోనూ ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం ప్రయోగశాలలో ఈ వాకిలినే మూసేస్తుందని అక్కడ విన్నాను. వేపితే అది చాలావరకు విరిగిపోతుందట.

మా చెల్లి అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి, ఉడికించని మొక్కజొన్న స్టార్చ్ పిండిని నీళ్లలో కలిపి బిడ్డకు తాగిస్తుంది. మెల్లగా అరిగే ఆ పిండే తెల్లారేదాకా చక్కెర ఇస్తుంది. ఆ రాత్రి వీడియో కాల్ చేసి, "చేతులు ఇలా పెట్టవే," అని మణికట్లు ఆనించి చూపించాను.