ఆగ్రా వెళ్లిపోయింది

2 ఫిబ్రవరి 2020, నందివాడ

కరోనా చుట్టుముట్టిన వూహాన్ నుంచి మనవాళ్లను తెస్తున్న రెండో ఎయిర్ ఇండియా జంబో (బోయింగ్ 747) కూడా ఈ ఉదయం ఢిల్లీలో దిగింది. నిన్నటి దాంట్లో 324 మంది, దీంట్లో 323 మంది మనవాళ్లు, ఏడుగురు మాల్దీవుల వాళ్లు. తిరుపతి ఫ్యాక్టరీ కోసం శిక్షణకు వెళ్లిన తెలుగు కుర్రాళ్లూ క్షేమంగా తిరిగొచ్చారు. టీవీలో ఆ విమానం కనపడగానే నా కళ్లు ముందు చక్రాల మీదికే పోయాయి. ముక్కు కింద 2, ఒంటి కిందా రెక్కల కిందా 16. బొంబాయి హ్యాంగర్లో నా ఉద్యోగమంతా వాటి మధ్యే గడిచింది.

ఎయిర్ ఇండియా దగ్గర ఇప్పుడు మిగిలినవి 747-400లు నాలుగే. రోజువారీ దూరప్రయాణాలు ఎప్పుడో 777లకు పోయాయి. హజ్ యాత్రకో, రాష్ట్రపతి, ప్రధానమంత్రి పర్యటనలకో, ఇదిగో ఇలాంటి ఆపదకో వీటిని బయటికి తీస్తున్నారు. ఒక్క విడతలో మూడొందల పైచిలుకు మందిని తెచ్చిన బండిని ముసలిదని ఎలా అంటాం!

1 ఫిబ్రవరి 2023

నిన్న అమెరికాలో బోయింగ్ వాళ్లు కడపటి 747ను అట్లాస్ ఎయిర్ అనే సరుకు రవాణా సంస్థకు అప్పగించారు. మొత్తం తయారైనవి 1,574. మొదటిది ఎగిరింది 1969 ఫిబ్రవరిలో. మన దగ్గర ప్రయాణికులతో చివరిసారి ఎగిరింది 2021 మార్చిలో.

మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "ఇంత మంచి విమానాన్ని ఎందుకు ఆపేశారు పెదనాన్నా?" అని అడిగాడు. ఉన్నమాట చెప్పాను. నాలుగు ఇంజన్లంటే నలుగురికి మేత, నలుగురికి వైద్యం. గంటకు పది టన్నులకు పైగా ఇంధనం తాగేది. పూర్వం రెండింజన్ల విమానం దారిలో ఎక్కడున్నా, ఒక ఇంజను ఆగితే గంటలోపు చేరగలిగే విమానాశ్రయం ఉండాలనేది నియమం. అందుకే సముద్రాల మీద జంబోదే రాజ్యం. 1985 నుంచి ఆ గడువు రెండు గంటలకు, తర్వాత మూడు గంటలకు పెరిగింది. ఇంజన్లూ నమ్మకంగా తయారయ్యాయి. రెండింజన్ల 777 దాదాపు అంతమందినీ తక్కువ ఖర్చుతో మోస్తుంటే ఏ సంస్థ మాత్రం జంబోను నడుపుతుంది? 2020 జులైలో బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ రెండూ వదిలేశాయి. ఆపడం న్యాయమే. ఆ లెక్కలో నాకు తగాదా లేదు.

23 జూన్ 2023

మన ఎయిర్ ఇండియా జంబో కనిష్క కూలిన రోజు. 1985లో ఇదే తేదీన ఐర్లండ్ దగ్గర సముద్రం మీద 329 మంది పోయారు. ఆ విమానం ఎడమ రెక్క కింద పాడైన ఐదో ఇంజను కట్టి ఉంది, మరమ్మతుకు ఇండియా తెస్తున్నారు. కబురు వినగానే హ్యాంగర్లో మా గుండెలు ఆగాయి: బిగింపులో మనవాళ్ల పొరపాటేమైనా ఉందా అని. అది బాంబు పని అని తేలాక కూడా ఆ రాత్రులు మరపుకు రాలేదు. 1978 కొత్త సంవత్సరం రోజున బాంద్రా తీరం దగ్గర అశోక సముద్రంలో పడి 213 మంది పోయిందీ ఇలాగే మనసులో ఉండిపోయింది. 1971లో మనకు వచ్చిన మొట్టమొదటి జంబో అదే.

ఈ విమానాల గురించి రాసేవాళ్లు కిటికీల చుట్టూ వేసిన రాజమహలు తోరణాల గురించి, పైఅంతస్తు విలాసం గురించి రాస్తారు. ఈ పేర్లు కూడా రాయాలి.

23 ఏప్రిల్ 2024

నిన్న పొద్దున ముంబై నుంచి 'ఆగ్రా' అనే మన జంబో అమెరికా వెళ్లిపోయింది. దాని నమోదు గుర్తు విటీ-ఈవీఏ. పాత విమానాలు, విడిభాగాల వ్యాపారం చేసే కంపెనీ కొన్నది. లేచాక పైలట్ రెక్కలు అటూ ఇటూ ఊపి సెలవు తీసుకున్నాడు. వీడియో చూస్తుంటే మా ఆవిడ పక్కన కూర్చుని, "మనవాళ్లందరూ దీన్లోనేగా వెళ్లింది" అంది. నిజమే. గుడివాడ, నందివాడ వైపు నుంచి అమెరికా పోయే డాక్టర్లు, ఇంజనీర్లు, కాన్పుకు వెళ్లే తల్లులు బెజవాడలో రైలెక్కి బొంబాయి వచ్చేవారు. ఒక రాత్రి మా క్వార్టర్స్‌లో పడుకుని, లండన్ మీదుగా న్యూయార్క్ వెళ్లే జంబో ఎక్కేవారు. మొదటిసారి విమానం ఎక్కుతున్న పెద్దావిడలకు "భయం లేదమ్మా, చక్రాలు నేనే చూశాను" అని చెప్పేవాణ్ణి. ఆ మాట చాలేది వాళ్లకు.

డచ్చివాళ్లు 2019లో తమ పాత జంబోను రోడ్డు దాటించి, పొలాలకు, కాలువలకు అడ్డంపడి లాక్కెళ్లి ఒక హోటల్ తోటలో నిలబెట్టుకున్నారు. అట్లాంటాలో డెల్టా సంస్థ తన మ్యూజియంలో ఒకటి ఉంచింది. సగం శతాబ్దం దేశాన్ని మోసిన వాటిలో ఒక్కదాన్ని నిలుపుకోవడం మనకు భారమయ్యేది కాదు. విమానం విడిభాగాలయ్యేలోగా ఆ ముక్కు భాగాన్నైనా వెనక్కి కొని, ముంబైలోనో హైదరాబాద్‌లోనో పిల్లలు ఎక్కి చూసేలా పెట్టాలి. విమానయాన శాఖకు రేపే ఉత్తరం రాస్తున్నాను. నాతో పనిచేసినవాళ్లు ఎక్కడున్నా తలా ఒకటి రాయండి.